డౌన్‌హిల్ స్కీ రేసులో 0.07 సెకన్ల తేడా ఎక్కడి నుంచి వస్తుంది? అది లాటరీయేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. 2010 వాంకూవర్ ఒలింపిక్స్ పురుషుల డౌన్‌హిల్ (మంచుకొండ పైనుంచి కిందికి స్కీల మీద ఎవరు తొందరగా దిగుతారో చూసే రేసు) వీడియో చూశారు. స్విట్జర్లాండ్‌కి చెందిన డిడియే డెఫాగో 1 నిమిషం 54.31 సెకన్లలో దిగి స్వర్ణం కొట్టాడు. నార్వే ఆటగాడు స్విండాల్ 0.07 సెకన్లు వెనక, అమెరికా బోడీ మిల్లర్ 0.09 వెనక. "ముగ్గురూ నా కంటికి ఒకేలా దిగారు. పక్కపక్కన పోటీ కూడా కాదు (అలా ఎందుకు దింపరు?), ఒకరి తర్వాత ఒకరు దిగుతారు. ఈలోగా ఎండొస్తుంది, గాలి మారుతుంది. మరి ఇది లాటరీ కాక ఏమిటి?" అని అడిగారు.

సూటిగా చెప్పేస్తాను. లాటరీ కాదు. అలాగని అదృష్టం పాత్ర అసలు లేదనీ అనను. మొదటి పదిమందిలోకి రావాలంటే పనితనం ఉండి తీరాలి. ఆ పదిమందిలో ఎవరికి ఏ పతకం అన్నచోట మాత్రం ఆ పూట మంచు, గాలి, వెలుతురు కాస్త వేలు పెడతాయి. ఇక ముగ్గురూ ఒకేలా కనిపించారంటారా, తేడా లేని చోట చూసి ఉంటారు. కొత్తగా చూసేవాళ్ళందరూ నిటారు వాలు దగ్గర, గాల్లోకి ఎగిరే చోట కళ్ళప్పగించి చూస్తారు. టైం పోయేదీ వచ్చేదీ ఎక్కువగా చదును దగ్గర, అంటే చూడ్డానికి ఏమీ జరగనట్టు ఉండే చోట.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే తెనాలివాడికి స్కీయింగ్ గురించి ఏం తెలుసని మీకు అనుమానం వస్తుంది. నిజమే, ఇరవై ఏడేళ్ళు వచ్చేదాకా నేను మంచు చూసింది ఫ్రిజ్‌లోనే. కెనడా వచ్చాక మా అమ్మాయిని స్కీ క్లబ్బులో చేర్పించాం. ఇక్కడి పద్ధతి ఏమిటంటే పిల్లలు రేసుకి వెళ్తే తల్లిదండ్రులు కూడా పనిచేయాలి. అలా మొదలై పద్నాలుగు శీతాకాలాలు గేటు జడ్జిగా నిలబడ్డాను (రేసర్ మధ్య నుంచి పోవాల్సిన కర్రల జంటల్ని గేట్లంటారు), స్టాప్‌వాచ్ పట్టాను, తెల్లారకముందే కొండెక్కి స్కీలు అడ్డంగా పెట్టి జారుతూ ట్రాక్ చదును చేశాను. రేసర్ని మాత్రం కాను. మా అమ్మాయి, నేను ఒకేసారి బయల్దేరితే నేను కిందికి చేరేసరికి తను టీ తాగేసి ఇంకో కప్పు తెచ్చుకుంటూ ఉంటుంది. కాబట్టి ఇది పక్కన నిలబడి చూసినవాడి సమాధానం. నాకు తెలిసి ఈ ఆటలో పక్కన నిలబడినవాడికే కొన్ని విషయాలు బాగా తెలుస్తాయి.

ముందు 0.07 అంటే ఎంతో చూద్దాం. ఆ రేసు వాంకూవర్‌కి ఉత్తరాన ఉన్న విస్లర్ కొండ మీద జరిగింది. ట్రాక్ పొడవు సుమారు 3.1 కిలోమీటర్లు, పైనుంచి కిందికి 853 మీటర్ల ఎత్తు తేడా. డెఫాగో సగటు వేగం గంటకు 98 కిలోమీటర్ల దాకా ఉంది. ఆ వేగం మీద 0.07 సెకన్లలో మనిషి 1.9 మీటర్లు కదులుతాడు. పురుషుల డౌన్‌హిల్ స్కీ కనీస పొడవు 218 సెంటీమీటర్లు ఉండాలని నిబంధన. అంటే మూడు కిలోమీటర్లు దిగాక స్వర్ణానికీ రజతానికీ మధ్య ఒక్క స్కీ పొడవు తేడా కూడా లేదు. మీ కంటికి ఆనలేదంటే తప్పు మీ కంటిది కాదు.

మరి అది ఎక్కడ పుట్టింది? ఒక చిన్న లెక్క చూడండి. మలుపు తిరిగి చదునులోకి వచ్చేటప్పుడు ఒకడి వేగం గంటకు 100 కిలోమీటర్లు, ఇంకొకడిది 101. ఆ ఒక్క కిలోమీటరు తేడా పది సెకన్లు అలాగే నిలిస్తే దాదాపు 2.8 మీటర్లు, అంటే 0.1 సెకను. విస్లర్‌లో స్వర్ణానికీ కాంస్యానికీ ఉన్న తేడా మొత్తం అందులోనే ఇమిడిపోయింది. నిజానికి వేగంగా ఉన్నవాణ్ణి గాలి ఇంకాస్త గట్టిగా ఆపుతుంది కాబట్టి ఆ తేడా నెమ్మదిగా కరుగుతూ వస్తుంది, లెక్క ఇంత నున్నగా ఉండదు. కానీ సంగతి ఇదే. నిటారు వాలులో తప్పు చేసినా కొండ మళ్ళీ వేగం ఇచ్చేస్తుంది. చదును ముందు పోయిన వేగాన్ని ఎవరూ తిరిగి ఇవ్వరు. అక్కడ తొయ్యడానికి వాలు ఉండదు, కర్రలతో నెట్టుకునే వేగం కాదు అది. తెచ్చుకున్న మూటతోనే ఆ చదునంతా గడపాలి.

అందుకే కోచ్‌లు చదునుకి పైనున్న ఆఖరి మలుపు గురించి పిల్లల ప్రాణం తీస్తారు. ఒకసారి కుర్రాళ్ళ రేసులో నాకు సరిగ్గా అలాంటి మలుపు దగ్గర గేటు అప్పగించారు. గేటు జడ్జి పని పెద్దదేం కాదు. రేసర్ రెండు స్కీల మొనలూ, రెండు పాదాలూ గేటు గీత దాటాయా లేదా చూడటం, తప్పితే చేతిలో ఉన్న కార్డు మీద బిబ్ నంబరు (రేసర్ ఒంటి మీద ఉండే అంకె), గేటు నంబరు రాసి, వాడు వెళ్ళిన దారి బొమ్మ గీయడం. పొద్దున్నుంచీ నిలబడి కాళ్ళు కొయ్యబారిపోతుంటే చెవులు మాత్రం పనిచేస్తూ ఉంటాయి. ఎర్ర హెల్మెట్ కుర్రాడొకడు వచ్చాడు. చూడ్డానికి ఎంత ఊపు! మలుపులో మంచు నా మొహం దాకా లేచింది, స్కీల కింద గరగరమని కొబ్బరి కోరిన చప్పుడు. వీడే గెలుస్తాడనుకున్నాను. కాసేపటికి ఇంకొకడు వచ్చాడు. మంచు లేవలేదు, గరగర లేదు, గుడ్డ చింపినట్టు సన్నగా ఒక చప్పుడు, అంతే. నెమ్మదిగా పోయినట్టే అనిపించాడు. కింద బోర్డు చూస్తే రెండోవాడే దాదాపు అర సెకను ముందున్నాడు.

ఆ తర్వాత నాకు అర్థమైంది. ఆ గరగర ఉందే, అది బ్రేకు చప్పుడు. స్కీ అడ్డంగా జారుతూ మంచును గీకితే వేగం అంతా ఆ గీకడంలోనే ఖర్చవుతుంది. స్కీ తన పక్క అంచు మీద నిలబడి, ఆ అంచు వంపు ఎంతుందో అంత గుండ్రంగా తిరిగితే చప్పుడు తక్కువ, ఖర్చు తక్కువ. డౌన్‌హిల్ స్కీ వంపు ఎంత తక్కువంటే, దాని వ్యాసార్థం కనీసం 50 మీటర్లు ఉండాలి. అంత తిన్నని స్కీని గీకకుండా తిప్పాలంటే మలుపుకి చాలా పైనుంచే ఆలోచన మొదలవ్వాలి. ఇప్పుడు టీవీలో చూసినా నేను సగం చెవులతోనే చూస్తాను.

రెండోది గాలి. చదునులో రేసర్లు మోకాళ్ళు మడిచి, వీపు వంచి, చేతులు మొహం ముందు చేర్చి గుడ్డులా ముడుచుకుంటారు. దాన్ని టక్ అంటాం. 1960 స్క్వా వ్యాలీ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ ఆటగాడు జాన్ వ్యార్నే ఆ భంగిమతో, లోహపు స్కీలతో స్వర్ణం గెలిచాక అది అందరికీ అలవాటైపోయింది. గాలి నిరోధం వేగానికి వర్గంగా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే గాలి నాలుగింతలు ఆపుతుంది. 120 మీద పోతూ తూలకుండా ఉండటానికి ఒక చెయ్యి బయటికి చాపారంటే ఆ క్షణమే కొంత పోయినట్టు. అందుకే ఈ ఆటలో ధైర్యం అంటే ఎగరడం కాదు, తొడలు మండుతున్నా లేవకుండా ఉండటం. నిమిషం ముప్పై సెకన్లు దాటాక తొడలు వణుకుతాయి. అప్పుడు ఒక్క గతుకు దగ్గర నడుము అరడుగు లేచిందా, బోర్డు మీద పచ్చ అంకె (ముందున్నాడని) ఎర్రగా (వెనకబడ్డాడని) మారిపోతుంది. మీరు ఇంట్లో గోడకుర్చీ వేసి రెండు నిమిషాలు చూడండి, మిగతాది నేను చెప్పక్కర్లేదు.

వేసుకునే సూట్ల మీద కూడా నిబంధన ఉంది. గాలి అసలు చొరనివ్వని బట్ట వేసుకోకూడదు, ఇంత గాలి లోపలికి పోయి తీరాలని కొలత పెట్టారు. నున్నటి ప్లాస్టిక్ లాంటి సూటుతో పడితే ఆగకుండా జారుకుంటూ పోతాడు కదా.

మూడోది దారి. గేట్లు ఎక్కడున్నాయో అందరికీ ఒకటే, వాటి మధ్య ఎలా పోవాలన్నది ఎవరిష్టం వాళ్ళది. తిన్నగా పోతే దూరం తక్కువ, కానీ తర్వాతి మలుపు గట్టిగా తిప్పాలి. ఈ బేరం ఎంత ప్రమాదమో 1998 నగానో ఒలింపిక్స్ డౌన్‌హిల్ చూస్తే తెలుస్తుంది. ఆస్ట్రియా ఆటగాడు హెర్మన్ మయర్ ఆ రోజు అందరి నోళ్ళలోనూ ఉన్న పేరు. పైభాగంలోనే మలుపులోకి మరీ తిన్నగా, మరీ వేగంగా వచ్చాడు. గాల్లోకి లేచి, పల్టీ కొట్టి, రక్షణ వలలు దాటిపోయాడు. అదే మలుపులో కాస్త తగ్గి దిగిన ఫ్రాన్స్ ఆటగాడు జాన్-ల్యూక్ క్రెటియేకి స్వర్ణం. ఏటా శీతాకాలమంతా జరిగే వరల్డ్ కప్ రేసుల్లో ఒక్కటి కూడా గెలవని మనిషి! మయర్ మూడు రోజుల తర్వాత సూపర్-జి, ఆ తర్వాత జెయింట్ స్లాలమ్ (రెండూ డౌన్‌హిల్ కంటే మలుపులు ఎక్కువుండే స్కీ రేసులు) గెలిచాడనుకోండి, అది వేరే కథ. క్రెటియే గెలుపుని చాలామంది అదృష్టం అంటారు. నేననను. ఎక్కడ తగ్గాలో తెలియడం కూడా పనితనమే.

ఇప్పుడు మీరు అసలు అడిగిన అదృష్టం దగ్గరికి వద్దాం. ఇందులో మీ అనుమానం చాలావరకు సరైనదే.

ముందు దిగినవాడికి ట్రాక్ తాజాగా దొరుకుతుంది. తర్వాత వచ్చేవాళ్ళకి మలుపుల్లో గాడులు పడి ఉంటాయి. ఎండకి మంచు మెత్తబడితే ఇంకా కష్టం. కానీ వెనక దిగేవాడికి ఒక సౌకర్యం ఉంది. కొండ పొడుగునా నిలబడ్డ కోచ్‌లు ముందువాళ్ళు ఎక్కడ దెబ్బతిన్నారో వాకీటాకీలో పైకి చెప్తూ ఉంటారు. "మూడో జంప్ అనుకున్నదానికంటే దూరం విసురుతోంది, ఎడమ పట్టు" అని ఒక్క ముక్క చాలు. మొదటివాడికి ఆ ముక్క చెప్పేవాడు ఉండడు. 2006 టురిన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌కి చెందిన ఆంట్వాన్ దెనేరియా 30వ నంబరుతో దిగి, అప్పటికే విజేత అనుకున్న ఆస్ట్రియా వాల్షోఫర్‌ని 0.72 సెకన్లతో దాటేశాడు. డౌన్‌హిల్‌లో అది పెద్ద అంతరం. కాబట్టి వెనక నంబరు వస్తే పని అయిపోయినట్టేనని ముందే తేల్చెయ్యలేం.

విస్లర్‌లో మంచు పెద్ద తలనొప్పి. సముద్రానికి దగ్గర, కొండ అడుగుభాగం ఎత్తు తక్కువ, వాన పడుతుంది. 13 ఫిబ్రవరిన జరగాల్సిన ఆ రేసు వాతావరణం వల్ల 15కి వాయిదా పడింది. అలాంటి తడి మంచుని గట్టిపరచడానికి మేము చేసే పని చెప్తే నవ్వుతారు: ఉప్పు చల్లుతాం. ఉప్పు వేస్తే మంచు కరగాలి కదా అంటారేమో. పాతకాలంలో ఐస్‌క్రీం డబ్బా చుట్టూ ఐసు ముక్కల్లో రాళ్ళ ఉప్పు వేసి తిప్పేవాళ్ళు, గుర్తుందా? అదే సూత్రం. ఉప్పు తగిలిన చోట కాస్త మంచు కరుగుతుంది, కరగడానికి కావాల్సిన వేడిని చుట్టూ ఉన్న మంచు నుంచి లాక్కుంటుంది, దాంతో మిగతా తడి గడ్డకట్టి రాయిలా అవుతుంది. కాకపోతే ఆ గట్టిదనం కొన్ని గంటలే. వేళ తప్పి చల్లితే రేసు మధ్యలో మెత్తబడుతుంది. చలి బాగా ఉన్న చోటయితే ఉప్పుతో పని లేదు, మంచులోకి పైపులతో నీళ్ళు ఎక్కిస్తారు, రాత్రికి రాత్రే అద్దంలా అవుతుంది. టీవీలో తెల్లగా మెత్తగా కనిపించే దాని మీద చేయి పెట్టి చూడండి, గచ్చు నేలలా ఉంటుంది. అంత గట్టిగా చేసేది అదృష్టాన్ని తగ్గించడానికే. మంచు ఎంత గట్టిదైతే మొదటివాడికీ ఇరవయ్యోవాడికీ ట్రాక్ అంత ఒకేలా ఉంటుంది.

ఇంకా కొన్ని ఏర్పాట్లున్నాయి. డౌన్‌హిల్‌కి ముందు అదే ట్రాక్ మీద అధికారిక ట్రైనింగ్ జరుగుతుంది. అందులో కనీసం ఒక్కసారైనా దిగనివాణ్ణి రేసులోకి రానివ్వరు. రేసు రోజు పొద్దున అందరూ పక్కగా జారుకుంటూ ట్రాక్ అంతా పరిశీలిస్తారు, ప్రతి గతుకూ కంఠతా పడతారు. స్టార్ట్ దగ్గర కళ్ళు మూసుకుని, చేతిని పడవలా అటూ ఇటూ ఊపుతూ నిలబడ్డవాళ్ళని చూశారా? మనసులో మొత్తం దిగేస్తున్నారన్నమాట. ముందువాడు పడిపోయి దారిలో ఉంటే పసుపు జెండా ఊపి వెనకవాణ్ణి ఆపేస్తారు, వాడికి మళ్ళీ దిగే అవకాశం ఇస్తారు. ర్యాంకింగ్‌లో పైనున్నవాళ్ళంతా మొదటి ఇరవై ముప్పై మందిలోనే దగ్గరదగ్గరగా దిగేలా నంబర్లు ఇస్తారు, వాళ్ళకి వాతావరణం మరీ తేడాగా ఉండకూడదని. ఈ నంబర్ల పద్ధతిని ఏళ్ళ తరబడి మార్చుతూనే ఉన్నారు. అందరికీ నచ్చిన పద్ధతి మాత్రం ఇంతవరకు రాలేదు. గాలిని మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు. ఒకడికి ఎదురుగాలి, రెండు నిమిషాల తర్వాత ఇంకొకడికి అసలు గాలే లేదు. అది శుద్ధ అదృష్టం, ఒప్పుకుంటాను.

టైం కొలవడం గురించి మీరు అడగలేదు గానీ 0.07 మీద అనుమానం ఉన్నవాళ్ళకి ఇదీ చెప్పాలి. స్టార్ట్ దగ్గర మోకాలి కింద ఒక సన్నటి కడ్డీ ఉంటుంది, కాలు దాన్ని తోస్తే గడియారం మొదలు. కింద కాంతి కిరణాన్ని దాటితే ఆగుతుంది. యంత్రం వెయ్యో వంతు దాకా కొలుస్తుంది, కానీ ఫలితంలో వందో వంతు వరకే ఉంచి మిగతాది కత్తిరించేస్తారు. అందుకే 2014 సోచి మహిళల డౌన్‌హిల్‌లో టీనా మాజే, డొమినిక్ గిసిన్ ఇద్దరికీ 1:41.57 వచ్చి ఇద్దరికీ స్వర్ణం ఇచ్చారు. వెయ్యో వంతు చూసి తేల్చొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. మూడు నాలుగు సెంటీమీటర్ల తేడాతో కొండ మీద ఎవరు గొప్పో చెప్పడం నాకైతే న్యాయంగా అనిపించదు.

యంత్రం ఆగిపోతే ఏం చేస్తారంటే, చేత్తో కూడా టైం తీస్తూనే ఉంటాం. ఒక క్లబ్ రేసులో కింద కిరణం ఒక పిల్ల దాటినప్పుడు పనిచేయలేదు. నా చేతి గడియారం అంకె దిక్కయింది. నాకు గుండె దడ. నా బొటనవేలు ఎప్పుడూ కాస్త ఆలస్యంగానే నొక్కుతుంది, ఆ పిల్ల టైం నా వల్ల పాడవుతుందని టెన్షన్. అప్పుడు టైమింగ్ చూసే పెద్దావిడ నవ్వి లెక్క చూపించింది: ముందు దిగిన పదిమందికి యంత్రం చెప్పినదానికీ నేను నొక్కినదానికీ తేడా ఎంతో తీసి, దాని సగటుతో ఈ అంకెను సరిచేస్తారు. "నీ చెయ్యి ఆలస్యమైతే ఫరవాలేదు, ప్రతిసారీ ఒకేలా ఆలస్యమైతే చాలు" అంది.

చివరిగా లాటరీ కాదనడానికి నాకు అన్నిటికంటే బలంగా కనిపించే రుజువు పేర్లు. డౌన్‌హిల్‌లోనే చూడండి: 2010లో రజతం స్విండాల్‌ది, 2014లో అతను నాలుగో స్థానం, 2018లో 35 ఏళ్ళ వయసులో స్వర్ణం. నార్వేకే చెందిన యాన్స్‌రుడ్‌కి 2014లో కాంస్యం, 2018లో రజతం. ఆస్ట్రియాకి చెందిన మథియాస్ మాయర్‌కి (నగానోలో పడ్డ హెర్మన్ మయర్ వేరు) 2014లో స్వర్ణం, 2022లో కాంస్యం. స్విట్జర్లాండ్‌కి చెందిన బియాట్ ఫోయిజ్‌కి 2018లో కాంస్యం, 2022లో స్వర్ణం. నాలుగు ఒలింపిక్స్, నాలుగు వేర్వేరు దేశాల కొండలు, వేర్వేరు మంచు. ప్రతిసారీ తేడాలు వందో వంతుల్లోనే. అయినా అవే మొహాలు. లాటరీ టిక్కెట్టు ఇలా ఒకే వీధిలో పదేపదే తగలదు. మీ వీడియోలోని డెఫాగో కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు, అంతకు ముందు ఏడాది జనవరిలో స్విట్జర్లాండ్‌లోని వెంగెన్, ఆస్ట్రియాలోని కిట్స్‌బ్యూల్ రెండు రేసులూ వారం తేడాలో గెలిచినవాడు. డౌన్‌హిల్ వాళ్ళకి ఆ రెండూ గెలవడం ఎంతంటే, కొందరు ఒలింపిక్ పతకానికి కూడా సాటి అంటారు.

పక్కపక్కనే ఎందుకు దింపరని మీరు బ్రాకెట్లో అడిగిన ముక్కకి: గంటకు 130 మీద ఇద్దరు ఒకే మలుపుకి వస్తే ఏమవుతుందో ఊహించండి. అంతే సమాధానం.

వీలైతే ఆ వీడియో మళ్ళీ పెట్టండి. ఈసారి జంపులు వదిలేసి, చదునులోకి వచ్చే మలుపు దగ్గర ఒక్కొక్కరి నడుము ఎత్తు చూడండి, స్కీల వెనక ఎంత మంచు లేస్తోందో చూడండి. చప్పుడు కూడా వినమందును గానీ, వ్యాఖ్యాత ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతూనే ఉంటాడు.